పెద్ద ఫ్లెక్సీ ఫైలు తెరిస్తే చాలు, కంప్యూటరు నీలి తెర చూపి ఆగిపోతోంది: లోపం ర్యామ్‌లోనే ఉందని తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న
డీటీపీ పనివాడు, కర్నూలు

నమస్కారం. కర్నూలు రాజ్‌విహార్ సెంటరుకు దగ్గరలో మాకొక చిన్న డీటీపీ కేంద్రం ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చుతాము. ఫ్లెక్సీలు ఫోటోషాప్‌లోనూ కోరల్‌డ్రాలోనూ తయారుచేసి ప్రింటింగుకు పంపుతాము. కొంతకాలంగా ఒక కంప్యూటరు పని మధ్యలో నీలి తెర చూపి, తనంతట తానే రీస్టార్ట్ అవుతోంది. ఐ5-10400 ప్రాసెసర్, హెచ్410 మదర్‌బోర్డు, విండోస్ ఉన్న 256 జీబీ ఎస్ఎస్‌డీ, ఫైళ్ళు దాచుకునే 1 టీబీ హార్డ్‌డిస్క్ ఉన్నాయి. కొన్నప్పుడు 8 జీబీ డీడీఆర్4 2666 ర్యామ్ స్టిక్ ఒకటే ఉండేది. ఫ్లెక్సీ పనులు పెరిగాక వేరే కంపెనీకి చెందిన 8 జీబీ 3200 స్టిక్‌ను రెండో స్లాట్‌లో వేయించాము.

పేజ్‌మేకర్‌లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా శుభలేఖలు కూర్చినా ఏ ఇబ్బందీ రాదు. ఇరవై అడుగుల ఫ్లెక్సీ తెరిచి, నాలుగు ఫోటోలు తెచ్చి అందులో పెట్టేసరికి ఆగిపోతుంది. ఒకసారి ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అని, మరోసారి ‘పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా’ అని, ఇంకోసారి ‘ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్’ అని తెర మీద పడుతోంది. కొన్నిసార్లు నీలి తెర కూడా రాకుండా ఫోటోషాప్ ఒక్కటే చెప్పాపెట్టకుండా మూసుకుపోతుంది. ఇవి కాక మరో రెండు వింతలు చూశాము. మెయిల్‌లో వచ్చిన జిప్ ఫైలు ఈ యంత్రంలో పాడైపోయిందని చెబుతుంది, అదే ఫైలు పక్క కంప్యూటరులో శుభ్రంగా తెరుచుకుంటుంది. ఈ కంప్యూటరు మీదుగా కాపీ చేసిన పెళ్ళి ఫోటో ఒకటి సగం వరకు బాగానే ఉండి, అక్కడి నుంచి కిందికి ఊదారంగులోకి మారిపోయింది.

సర్వీసుకు ఇస్తే విండోస్ మళ్ళీ ఎక్కించి ఇచ్చారు. వారం తిరగకముందే కథ మొదటికి వచ్చింది. ఇప్పుడు మదర్‌బోర్డు మార్చాలంటున్నారు. మా దుకాణంలో మధ్యాహ్నం పూట వేడి ఎక్కువ, కరెంటు కూడా హెచ్చుతగ్గులుగా వస్తుంది. శ్రావణమాసం ముహూర్తాల పని నెత్తిమీద ఉంది. బోర్డుకు డబ్బు పెట్టే ముందు, లోపం ర్యామ్‌దా, బోర్డుదా, కరెంటుదా అన్నది మేమే తేల్చుకునే మార్గం ఉంటే తెలియజేయగలరు.

సమాధానం
రిపేరు బల్ల, అనంతపురం

బోర్డు ఇప్పుడే కొనకండి. మీరు రాసిన లక్షణాలలో ర్యామ్‌ను పట్టి ఇచ్చేవి మూడున్నాయి.

మొదటిది, నీలి తెర మీద పేరు ప్రతిసారీ మారడం. ఏదైనా ఒక డ్రైవరు (పరికరాన్ని నడిపే ప్రోగ్రాము) చెడితే కంప్యూటరు సాధారణంగా ఒకే రకం పని దగ్గర, ఒకే పేరుతో పడిపోతుంది. ర్యామ్‌లో చెడిన చోట ఈ క్షణం ఫోటోషాప్ డేటా ఉండవచ్చు, మరుక్షణం విండోస్ కెర్నల్‌కు (మూల భాగానికి) చెందిన పట్టిక ఉండవచ్చు. అక్కడ ఏది ఉంటే దానికి తగిన పేరుతో పడిపోతుంది కాబట్టి లోపం ఒకటే అయినా పేర్లు పది వస్తాయి. రెండోది, మీ జిప్ ఫైలు. జిప్‌లో ప్రతి ఫైలుకూ సీఆర్‌సీ అనే సరిచూసే సంఖ్య ఉంటుంది. విప్పేటప్పుడు లెక్కించిన సంఖ్య దానితో కలవకపోతే ఫైలు పాడైందని చెబుతుంది. పక్క యంత్రంలో కలిసి, మీ యంత్రంలో కలవలేదంటే ఫైలు మంచిదే, దాన్ని చదివిన దారిలో ఎక్కడో ఒక బిట్టు (0 లేదా 1) మారింది. మూడోది, పెళ్ళి ఫోటో. జేపెగ్‌లో ప్రతి చిన్న చతురస్రపు రంగును అంతకు ముందున్న చతురస్రంతో ఉన్న తేడాగా రాస్తారు. అందువల్ల మధ్యలో ఒక్క బిట్టు తారుమారైనా అక్కడి నుంచి చివరిదాకా రంగు జారిపోవచ్చు. ఈ మూడూ విడివిడిగా వస్తే వేరే కారణాలు చెప్పవచ్చు. ఒకే యంత్రంలో కలిసి వచ్చినప్పుడు నేను ముందు ర్యామ్ దగ్గరికే వెళ్తాను.

పెద్ద ఫైలుకే ఎందుకు వస్తుందన్నారు. పేజ్‌మేకర్ పాత కాలపు ప్రోగ్రాము, దానికి కావలసిన మెమరీ చాలా తక్కువ. ఇరవై అడుగుల ఫ్లెక్సీ లేయర్లతో సహా తెరిస్తే ఉన్న 16 జీబీలో చాలా భాగం నిండుతుంది. చెడిన గడులు కొన్నే అయినప్పుడు, ఎంత ఎక్కువ చోటు వాడితే వాటి మీద కాలు పడే అవకాశం అంత పెరుగుతుంది. ఇంకొక సంగతి: ర్యామ్‌లో ఒక్కో బిట్టు ఒక చిన్న కెపాసిటర్‌లోని చార్జి రూపంలో ఉంటుంది, అది కారిపోతూ ఉంటుంది కనుక ప్రతి 64 మిల్లీసెకన్ల లోపల దాన్ని తిరిగి నింపాలి. బలహీనపడిన గడి ఆ గడువు దాకా ఆగలేకపోతే ఒకటి కాస్తా సున్నా అవుతుంది. ఇలాంటి గడి అన్నివేళలా తప్పు చూపదు. చుట్టుపక్కల గడులలో ఏ విలువలున్నాయి, ఎంత వేడిగా ఉంది అన్నదాన్ని బట్టి ఒక పూట సరిగ్గానే పనిచేస్తుంది.

పరీక్షకు ముందు ఒక పని తప్పనిసరి. ఈ యంత్రంలో ఇక అసలు ఫైళ్ళను తెరిచి సేవ్ చేయకండి, దీని మీదుగా బ్యాకప్ కూడా తీయకండి. చెడిన ర్యామ్ గుండా వెళ్ళిన ప్రతి కాపీ అనుమానాస్పదమే. హార్డ్‌డిస్క్‌ను విప్పి, వేరే కంప్యూటరుకు తగిలించి అక్కడ కాపీ తీసుకోండి.

తరువాత మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రామును దాని సొంత వెబ్‌సైటు నుంచి, పక్క కంప్యూటరులో దించుకుని ఖాళీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించండి. ఎక్కించేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఆరో వెర్షను లేదా అంతకన్నా కొత్తది తీసుకోండి, పాత 5.01 కొత్త కంప్యూటర్లు వాడే యూఈఎఫ్ఐ అనే పద్ధతిలో బూట్ కాదు. పెన్‌డ్రైవ్ నుంచి యంత్రం లేవకపోతే బయోస్‌లో (బోర్డు మూల అమరికలలో) సెక్యూర్ బూట్‌ను, అంటే గుర్తింపు ఉన్న ప్రోగ్రాములనే లేవనిచ్చే కాపలాను, తాత్కాలికంగా ఆపండి. ఈ పరీక్ష విండోస్ లోపల కాక, విండోస్ లేకుండానే నడుస్తుంది కనుక డ్రైవర్ల మీద, వైరస్‌ల మీద నెపం వేసే వీలుండదు. 16 జీబీకి ఒక పూర్తి చుట్టు గంటకు పైగానే పట్టవచ్చు. రాత్రి దుకాణం మూసేటప్పుడు పెట్టి ఉదయం చూడండి. ఎర్ర గీతలు ఒక్కటి కనిపించినా ర్యామ్ దారిలో లోపం ఉన్నట్టే. ‘16 జీబీలో ఒక్క బిట్టే కదా’ అనుకోవడానికి వీల్లేదు.

ఎర్ర గీతలు వచ్చాక అసలు పని మొదలవుతుంది. స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుని, క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో తాకి, అప్పుడు ఒక స్టిక్ తీయండి. ఉన్న ఒక్క స్టిక్‌తో పరీక్ష నడపండి, తరువాత దాన్నే రెండో స్లాట్‌లోకి మార్చి నడపండి. రెండో స్టిక్‌తోనూ అదే చేయండి. తప్పులు ఒక స్టిక్ వెంట రెండు స్లాట్లలోకీ వెళ్తే చెడింది ఆ స్టిక్. ఏ స్టిక్ పెట్టినా ఒక స్లాట్‌లోనే తప్పులు వస్తే స్లాట్‌ను, బోర్డును, ప్రాసెసర్‌లో ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్‌ను అనుమానించాలి. ఒక్కోటి విడిగా శుభ్రంగా ఉండి, రెండూ కలిసినప్పుడే తప్పులు వస్తే ఆ జత పొసగడం లేదన్నమాట. బోర్డు మార్చమని చెప్పే ముందు ఎవరైనా ఈ నాలుగు పరీక్షలూ చేసి ఉండవలసింది.

మీ 3200 స్టిక్ గురించి ఒక మాట. ఐ5-10400తో హెచ్410 బోర్డు 2666కు మించి నడపదు, కాబట్టి వేగం ఎక్కువై చెడుతోందన్న అనుమానం ఇక్కడ పెద్దగా లేదు. ర్యామ్ వేగాన్ని పెంచే ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ అనే అమరిక పెట్టి ర్యామ్‌ను 3200, 3600 వేగంతో నడిపే యంత్రాలలో మాత్రం ముందు ఆ ప్రొఫైల్‌ను తీసేసి పరీక్షించాలి. అక్కడ మంచి స్టిక్ కూడా తప్పులు చూపవచ్చు.

సమాధానం
చదువరి, నంద్యాల

పై సమాధానాన్ని కాదనను గానీ, గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అంత తొందరగా వదిలేయకూడదని నా అభిప్రాయం. ఫోటోషాప్ గ్రాఫిక్స్ ప్రాసెసర్‌ను వాడుకుంటుంది, పెద్ద ఫైలు దగ్గరే పడిపోవడానికి అదీ కారణం కావచ్చు. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డరు లోపల మినీడంప్ అనే ఫోల్డరు ఉంటుంది, పడిపోయిన ప్రతిసారీ అందులో ఒక చిన్న ఫైలు చేరుతుంది. వాటిని పక్క కంప్యూటరుకు తెచ్చుకుని, మైక్రోసాఫ్ట్ వారి విండీబీజీలోనో, నిర్‌సాఫ్ట్ వారి బ్లూస్క్రీన్‌వ్యూలోనో తెరిచి చూడండి. అన్నింటిలోనూ ఒకే డ్రైవరు పేరు కనిపిస్తే దాన్ని మార్చి చూడవచ్చు. ఒక్కోదానిలో ఒక్కో పేరు ఉంటే అనంతపురం వారు చెప్పిన మాటే నిజం. ‘ఎన్‌టీఓఎస్‌కెర్నల్’ అన్న పేరు చూసి మాత్రం ఏమీ తేల్చుకోకండి. అది విండోస్ గుండెకాయ. తప్పు ఎవరిదైనా ఆగేది అక్కడే కాబట్టి దాని పేరు ఊరికే వస్తుంది.

సమాధానం
ల్యాబ్ బాధ్యుడు, కడప

మా కళాశాల ల్యాబ్‌లో కంప్యూటర్లు చూసుకునే వాడిగా, కరెంటు సంగతి ముందు విడదీసి పెట్టమంటాను. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ అన్న చోట ‘కెర్నల్-పవర్ 41’ అనే నమోదు ఉంటుంది. చాలామంది దాన్ని చూడగానే కరెంటే కారణమని ఎస్ఎంపీఎస్ (యంత్రానికి కరెంటు అందించే పెట్టె) మార్చేస్తారు. ఆ నమోదుకు అర్థం, యంత్రం పద్ధతి ప్రకారం షట్‌డౌన్ కాలేదని మాత్రమే. దాని వివరాలు తెరిస్తే ‘బగ్‌చెక్‌కోడ్’ అనే వరుస కనిపిస్తుంది. అక్కడ సున్నా ఉంటే నీలి తెర నమోదు కాకుండానే యంత్రం ఆగింది. అప్పుడు ఎస్ఎంపీఎస్‌ను, యూపీఎస్‌ను, ఎర్తింగును, వేడిని చూడాలి. సున్నా కాని అంకె ఉంటే నీలి తెర వచ్చి ఆగింది. అప్పుడు వెతకవలసింది ర్యామ్‌లోనూ డ్రైవర్లలోనూ. మీరు చెప్పినదాన్ని బట్టి మీది రెండో కోవకే చెందుతుంది. అయినా ఒకసారి చూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు.

వేడి విషయంలో మన సీమలో అందరం కొంచెం ఎక్కువే ఊహిస్తాం. గూగుల్ సర్వర్లలోని ర్యామ్ మీద 2009లో వెలువడిన అధ్యయనం ఒకటి ఉంది. ఏడాదిలో 8 శాతానికి పైగా స్టిక్‌లలో సవరించదగిన తప్పులు కనిపించాయని, ఉష్ణోగ్రత ప్రభావం అనుకున్నంత లేదని, యాదృచ్ఛికంగా వచ్చిపోయే తప్పుల కన్నా స్టిక్‌లోనే నిలిచిపోయిన లోపాలే ఎక్కువని అందులో తేలింది. అవి ఏసీ గదులలో ఉండే సర్వర్లు, మన దుకాణాలు కావు. కాబట్టి రాత్రి పరీక్షలో ఏమీ దొరకకపోతే మధ్యాహ్నం, యంత్రం పడిపోయే వేళలో, క్యాబినెట్ మూత బిగించి మరోసారి నడపండి. ఆ సర్వర్లలో తప్పును తానే పట్టుకుని సరిచేసే ఈసీసీ ర్యామ్ ఉంది కనుకనే తప్పులు లెక్కకు అందాయి. ఐ5-10400 లాంటి సాధారణ యంత్రంలో ఆ సౌకర్యం లేదు. బిట్టు మారినా యంత్రానికి తెలియదు, ఉన్నదే నిజమనుకుని డిస్కులో రాసేస్తుంది.

పరీక్ష ఫలితాన్ని ఎలా చదవాలన్నది కూడా చెప్పాలి. అది కోర్టులో సాక్షి లాంటిది: ‘చూశాను’ అంటే చెల్లుతుంది, ‘చూడలేదు’ అన్నంత మాత్రాన జరగలేదని కాదు. విండోస్‌తోనే వచ్చే మెమరీ డయాగ్నస్టిక్ విషయంలో ఇది మరీ నిజం. మామూలు స్థాయిలో నడిపితే అది వదిలేసే లోపాలు చాలా ఉంటాయి. నడుస్తుండగా ఎఫ్1 నొక్కి ‘ఎక్స్‌టెండెడ్’ ఎంచుకుంటే కొంత మేలు, అయినా నేను దాని మాట మీద ఏ స్టిక్‌నూ మంచిదని అనను. ఇంకొకటి, పాస్‌మార్క్ వారి మెమ్‌టెస్ట్86 అని దాదాపు ఇదే పేరుతో వేరే ప్రోగ్రాము ఉంది. అందులో 13వది ‘హ్యామర్’ పరీక్ష. ఒకే వరుసను పదే పదే తెరిచి మూసి పక్క వరుసలోని చార్జి చెదురుతుందేమో చూసే పరీక్ష అది. మిగిలినవన్నీ శుభ్రంగా ఉండి అందులో మాత్రమే తప్పులు వస్తే, మీ నీలి తెరలకు అదే కారణమని చెప్పలేము.

పెన్సిల్ రబ్బరుతో ర్యామ్ కాళ్ళు రుద్దడం మన దగ్గర రిపేరు చేసేవారందరికీ అలవాటు. కొన్నిసార్లు పని జరుగుతుంది కూడా, కానీ అందులో సగం ఘనత స్టిక్‌ను తీసి మళ్ళీ గట్టిగా నొక్కినందుకే దక్కాలి. రబ్బరు పొడి స్లాట్‌లో పడితే కొత్త తలనొప్పి. ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన, పీచు రాలని బట్టతో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. ఇది చేశాకే నాలుగు పరీక్షలు మొదలుపెడితే మురికి వల్ల వచ్చే తప్పులు లెక్కలోకి రావు.

ప్రశ్న అడిగినవారి నుంచి
డీటీపీ పనివాడు, కర్నూలు

అందరికీ ధన్యవాదాలు. హార్డ్‌డిస్క్‌ను పక్క కంప్యూటరుకు తగిలించి ఫైళ్ళన్నీ కాపీ తీసుకున్నాము. కెర్నల్-పవర్ నమోదులో బగ్‌చెక్ అంకె సున్నా కాదు. మినీడంప్‌లలో ఒక్కోదానిలో ఒక్కో పేరు ఉంది. స్టిక్‌ల కాళ్ళను ఆల్కహాలుతో తుడిచి, రెండు స్టిక్‌లతో మెమ్‌టెస్ట్ పెడితే మొదటి చుట్టు పూర్తి కాకముందే ఎర్ర గీతలు వచ్చాయి. పాత 2666 స్టిక్ ఒక్కటే ఉంచితే రెండు స్లాట్లలోనూ రాత్రంతా ఒక్క తప్పు లేకుండా నడిచింది. 3200 స్టిక్ ఏ స్లాట్‌లో పెట్టినా తప్పులే. తెర మీద రావలసిన విలువ అన్నీ ‘ఎఫ్’లు, వచ్చిన విలువలో ఒకచోట ‘బి’. ఏ గీత చూసినా తేడా ఆ ఒక్క స్థానంలోనే ఉంది. ఫోటో తీసి పెట్టుకున్నాము.

ఇప్పుడు 8 జీబీతో యంత్రం నిలకడగానే నడుస్తోంది, పెద్ద ఫైళ్ళు మాత్రం నెమ్మదించాయి. మూడు సందేహాలు మిగిలాయి. తప్పులు కొన్ని చిరునామాలలోనే వస్తున్నాయి కదా, ఆ చోటు వరకు వాడకుండా తప్పించి మిగిలిన స్టిక్‌ను వాడుకోవచ్చా? ఈ మధ్యకాలంలో ఇందులో సేవ్ చేసిన ఫైళ్ళ సంగతి ఏమిటి? కొత్త స్టిక్ ఎలాంటిది తీసుకోవాలి?

సమాధానం
రిపేరు బల్ల, అనంతపురం

మీ పరీక్ష తేల్చి చెప్పింది: బోర్డు మంచిది, చెడింది 3200 స్టిక్. ఆ తెర మీది హెక్సాడెసిమల్ లెక్కలో ఒక్కో గుర్తు నాలుగు బిట్లు: ‘ఎఫ్’ అంటే 1111, ‘బి’ అంటే 1011. అంటే ప్రతిసారీ ఒకే స్థానంలోని ఒకటి సున్నాగా చదువుతోంది. స్లాట్ మారినా అదే బిట్టు తప్పుతోందంటే స్టిక్ మీది ఏదో ఒక చిప్పులో లోపం ఉంది. వేడి వల్లనో కరెంటు వల్లనో వచ్చే తప్పులు ఇంత క్రమంగా ఉండవు.

చెడిన చోటును తప్పించే వీలు ఉన్నమాట నిజమే. విండోస్‌లో బూట్ అమరికలకు ‘బ్యాడ్ మెమరీ లిస్ట్’ చేర్చవచ్చు, లినక్స్‌లోనూ అలాంటి ఏర్పాటు ఉంది. నేర్చుకోవడానికి చేసి చూడవచ్చు గానీ, ఒకరి పెళ్ళి శుభలేఖలు తయారయ్యే యంత్రంలో నేను చేయను. ఒక చిప్పు చెడడం మొదలయ్యాక రేపు ఇంకెన్ని గడులు పోతాయో జాబితా మనకు చెప్పదు. పైగా పేరున్న ర్యామ్ కంపెనీలు చాలా ఏళ్ళ వారంటీ ఇస్తాయి, కొన్నింటికి పరిమిత జీవితకాల వారంటీ కూడా ఉంది. స్టిక్ మీది స్టిక్కరు చిరగకుండా, సీరియల్ సంఖ్య చెరగకుండా చూసుకుని, బిల్లుతో పాటు మీరు తీసిన ఎర్ర గీతల ఫోటో జతచేసి మార్పిడికి పంపండి. ఆ ఫోటో చేతిలో ఉంటే ‘మా దగ్గర బాగానే నడుస్తోంది’ అని తిప్పి పంపడం వారికి కష్టమవుతుంది.

ఫైళ్ళ విషయంలో మాత్రం దగ్గరి దారి లేదు. ఆ స్టిక్ వేసిన తేదీకి ముందు తీసిన బ్యాకప్ ఉంటే దాన్ని ముట్టుకోకుండా పక్కన పెట్టండి, కొత్త కాపీని దాని మీద రాయకండి. మారకుండా ఉండవలసిన ఫైళ్ళు, అంటే ఫాంట్లు, లోగోలు, ఖాతాదారులు ఇచ్చిన అసలు ఫోటోలు రెండు చోట్లా ఉంటే విండోస్‌లోని సర్ట్‌యుటిల్ ఆదేశంతో ఎస్‌హెచ్‌ఏ-256 విలువ (ఫైలు వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి పోల్చండి. విలువలు కలవని ఫైలుకు పాత కాపీనే వాడండి. ఆ తేదీ తరువాత సేవ్ చేసిన ఫ్లెక్సీలలో మళ్ళీ అచ్చుకు వచ్చేవాటిని ఒక్కొక్కటిగా తెరిచి, వంద శాతం జూమ్‌లో చూడక తప్పదు. శుభలేఖలలో ముహూర్తం అంకెలు, ఫోన్ నంబర్లు మరీ జాగ్రత్తగా చూడండి: పాడైన ఫోటో కంటికి కనిపిస్తుంది, మారిన అంకె కనిపించదు.

విండోస్‌ను కూడా చెడిన ర్యామ్ ఉండగానే ఎక్కించారు కనుక దాన్నీ నమ్మలేము. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి విండోస్ ఫైళ్ళను సరిచూసి బాగుచేసే ఆదేశాలు, ముందు డీఐఎస్ఎం రిస్టోర్‌హెల్త్, తరువాత ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ, చివరికి రెండు డ్రైవుల మీదా డిస్కును సరిచూసే చెక్‌డిస్క్ నడపండి. ఎస్ఎఫ్‌సీ సరిచేయలేని ఫైళ్ళు ఉన్నాయని చెబితే, ఇప్పుడున్న మంచి స్టిక్‌తోనే విండోస్ తాజాగా ఎక్కించడం మేలు.

కొనేటప్పుడు మీ పాత స్టిక్‌కు అదే కంపెనీ, అదే మోడల్ దొరికితే తీసుకోండి. దొరకకపోతే ఒకే పెట్టెలో వచ్చే రెండు స్టిక్‌ల జత మంచిది, జతగా పరీక్షించి అమ్ముతారు. మీ బోర్డుకు 2666 చాలు, 3200కు అదనంగా డబ్బు పెట్టనవసరం లేదు. ఒకే ధరకు దొరికితే అదీ 2666 వేగంతోనే నడుస్తుంది. వారంటీలో వచ్చిన స్టిక్ అయినా, కొత్తది కొన్నా, పని మొదలుపెట్టే ముందు ఒక రాత్రి మెమ్‌టెస్ట్‌కు ఇవ్వండి. అంతవరకు 8 జీబీతోనే పని కాబట్టి, ఫోటోషాప్ ప్రిఫరెన్సెస్‌లో స్క్రాచ్ డిస్క్‌గా (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే చోటుగా) హార్డ్‌డిస్క్‌ను కాక ఎస్ఎస్‌డీని ఎంచి, అందులో కనీసం 60 జీబీ ఖాళీ ఉండేట్టు చూసుకోండి. ఫ్లెక్సీల నెమ్మది కొంత తగ్గుతుంది.